ఏడు నెలల పంతులమ్మ



పై చదువుకు పరాయి దేశం వెళ్ళే పిల్లల సంగతి మీకు కొత్త కాదు. మీ వీధిలో నలుగురుంటారు, మీ ఇంట్లోనే ఒకరుండవచ్చు. నేను వెళ్ళింది చదువుకు కాదు, పెద్ద ఉద్యోగానికీ కాదు. ఫ్రాన్సు దేశంలో ఒక చిన్న ఊరి బడిలో పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించే పనికి, ఏడు నెలల పాటు. భాషా సహాయకురాలు అంటారు. అసలు మాస్టారు వేరే ఉంటారు, ఆయన పక్కన మనం. పెళ్ళిలో తోడి పెళ్ళికూతురి లాగన్నమాట. ఆ ఊరు దిగడం, మొదటి రెండు నెలలూ గడపడం ఎలా జరిగిందో ఈ వేళ మీతో చెబుదామని వచ్చాను. తర్వాతి అయిదు నెలలూ హాయిగానే గడిచాయి కనుక వాటి గురించి చెప్పేదేమీ లేదు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన ఏర్పాటు కాదు. 1905 నాటికే ఫ్రాన్సు ఇరుగుపొరుగు దేశాలతో పంతుళ్ళను ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టింది. పోనుపోను మన దేశం దాకా వచ్చింది. పారిస్ పక్కన సెవ్ర్ అనే ఊళ్ళో ఉన్న ఒక ప్రభుత్వ సంస్థ ఈ వ్యవహారమంతా చూస్తుంది. వారానికి 12 గంటల పని. అక్టోబరు 1న మొదలై ఏప్రిల్ 30తో సరి. నెలకు చేతికి వచ్చేది 800 యూరోలకు కాస్త అటూ ఇటూ. రూపాయల్లో లెక్క వేసుకుంటే అబ్బో అనిపిస్తుంది గాని, అక్కడ గది అద్దె, తిండి, రైలు ఛార్జీలు పోను మిగిలేది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఫ్రెంచి కొంతైనా వచ్చి ఉండాలి. ఏ ప్రాంతం ఇష్టమో రాయమంటారు, తీరా ఏ ఊరు వేస్తారన్నది వాళ్ళ దయ.

నాకు ఫ్రెంచి ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? మా అమ్మమ్మది యానాం. మా కాకినాడ నుంచి బస్సెక్కితే గంటలో దిగవచ్చు. 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ళ జెండాయే ఎగిరింది. అమ్మమ్మ చిన్నతనంలో వాళ్ళ బళ్ళో రెండు మూడేళ్ళు చదువుకుంది. చదువంతా పోయింది గాని అంకెలు మాత్రం నాలిక మీద ఉండిపోయాయి. ఎండబెట్టిన వడియాలు డబ్బాలోకి ఎత్తేటప్పుడు ఫ్రెంచిలో లెక్కపెట్టేది. ఎనభై వచ్చేసరికి ఆగి, "ఈ దొరలకు ఎనభైకి మాటే లేదే, నాలుగిరవైలు అంటారు" అని నవ్వేది. ఆ ముచ్చటతోనే నేను హైదరాబాదులో ఫ్రెంచి చదివాను. తర్వాత పెళ్ళి, కాకినాడ కాపురం, ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పడం. ఫ్రెంచి పుస్తకాలు అటక మీదికి చేరాయి.

2022లో ఈ అవకాశం వచ్చింది. మావారు సరేనన్నారు. వీధి వీధంతా సరేననలేదు. పెళ్ళయి రెండేళ్ళయిన పిల్ల మొగుణ్ణి వదిలి ఏడు నెలలు ఎందుకు పోతోందన్నది అందరి మనసులో ఉన్న ప్రశ్న. ఎవరూ నన్నడగలేదు, మా అత్తగారినే అడిగారు. ఆవిడ ఏం జవాబు చెప్పారో నాకు తెలియదు. ఒకనాడు వంటింట్లోకి వచ్చి, చేతికున్న నాలుగు గాజులూ తీసి గట్టు మీద పెట్టి, "టిక్కెట్టుకు ఇవి పట్టుకెళ్ళండి, జీతమొచ్చాక విడిపిద్దువు గాని" అన్నారు. ఆవిడ పుట్టింటి గాజులు అవి. తాకట్టు పెడితే లక్షన్నర వచ్చింది. టిక్కెట్టు, వీసా, హైదరాబాదుకు రాకపోకలు, చలికోటు పోను నేను తీసుకెళ్ళింది 700 యూరోలు. మొదటి నెల జీతం అక్టోబరు ఆఖరున వస్తుంది గదా, చాలునని లెక్క వేసుకున్నాం. ఆ లెక్క తప్పింది.

నవరాత్రుల్లో రెండో రోజు రాత్రి విమానం ఎక్కాను. పెట్టెలో ఆవకాయ, కందిపొడి, చింతపండు. నెయ్యి సీసా కూడా పెట్టబోతే మావారు తీయించేశారు. యూరపు దేశాల్లోకి పాల వస్తువులు, మాంసం మనం చేత పట్టుకుని వెళ్ళడానికి వీల్లేదు. మీ పిల్లలకు కట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఆవకాయకు అభ్యంతరం లేదు, కాకపోతే మూత చుట్టూ మైనం పోసి కట్టండి. నేను కట్టలేదు. నా తెల్ల చొక్కాలు రెండు ఏమయ్యాయో మీరే ఊహించుకోండి.

పారిస్‌లో విమానం దిగి, ఊళ్ళోకి రైలు, అక్కడి నుంచి భూగర్భ రైలు, ఆస్టర్లిట్జ్ అనే స్టేషనులో మళ్ళీ పెద్ద రైలు. ఆ భూగర్భ స్టేషన్లలో ఎన్ని మెట్లున్నాయో! పాతకాలపు కట్టడాలు, చాలాచోట్ల లిఫ్టుండదు. ముప్ఫై కిలోల పెట్టె పట్టుకుని మెట్ల కింద నిలబడితే, ఎవరో కుర్రవాడు మాటా పలుకూ లేకుండా పెట్టెకు ఒక చివర పట్టుకుని పైదాకా మోసి, నేను మెర్సీ అనేలోపు మాయమయ్యాడు. ఇలా మూడుసార్లు ముగ్గురు చేశారు. పారిస్ వాళ్ళు ముఖం చిట్లించుకుని ఉంటారని అంటారు. ఉంటే ఉన్నారు, పెట్టె మాత్రం మోశారు.

మూడున్నర గంటల ప్రయాణం తర్వాత లిమోజ్ వచ్చింది. మీ ఇళ్ళలో అద్దాల బీరువాలో ఎప్పుడూ వాడని పింగాణీ కప్పులుంటాయి చూడండి, అలాంటి వాటికి ప్రపంచంలో పేరుపడ్డ ఊరు అది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడికి దగ్గర్లో తెల్ల బంకమన్ను దొరికిందట, అప్పటి నుంచీ అదే వృత్తి. స్టేషను గుమ్మటమూ, గడియారపు స్తంభమూ చూస్తే స్టేషను అనుకోరు, ఏ దేవాలయమో అనుకుంటారు. బడి నుంచి ఒక ఇంగ్లీషు టీచరు కారులో వచ్చింది. రాగానే రెండు చెంపలకూ చెంపలానించి పలకరించబోయింది. నేను అదే క్షణంలో నమస్కారం పెట్టాను. నా చేతులు ఆవిడ గడ్డానికి తగిలాయి. మా స్నేహం అలా మొదలైంది.

లిమోజ్ నుంచి నలభై నిమిషాల దూరంలో ఉన్న ఆ ఊరికి పొద్దునొక బస్సు, సాయంత్రమొక బస్సు. హైస్కూలు హాస్టల్లో పై అంతస్తులో నాకొక గది, 90 యూరోల అద్దెకు. అంత చవగ్గా ఇంకెక్కడా దొరకదని ఎగిరి గంతేశాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా పిల్లల సందడి. శుక్రవారం సాయంత్రం అందరూ ఇళ్ళకు పోయేవాళ్ళు, భోజనశాల మూసేవాళ్ళు, ఆ పొడుగాటి భవనంలో నేనూ, నా పెట్టే. పొయ్యి పెట్టుకోవడానికి లేదు, నీళ్ళు కాచే కెటిల్ ఒక్కటే. అక్కడ కూస్‌కూస్ అని ఒక రవ్వ దొరుకుతుంది. వేడినీళ్ళు పోసి మూతపెడితే అయిదు నిమిషాల్లో ఉబ్బుతుంది. దాన్లో ఆవకాయ కలుపుకుంటే వారాంతం గడిచిపోయేది. చప్పటి పెరుగు చిన్న చిన్న కప్పుల్లో అమ్ముతారు, బాగుంటుంది.

మొదటి రోజు రొట్టెల దుకాణానికి వెళ్ళి, "ఒక రొట్టె ఇవ్వండి" అన్నాను. నా వ్యాకరణంలో తప్పులేదు. ఆవిడ నా ముఖం చూసి, "బోన్‌జూర్" అంది. నేను మళ్ళీ రొట్టె అన్నాను. ఆవిడ మళ్ళీ బోన్‌జూర్ అంది, ఈసారి కాస్త గట్టిగా. అప్పుడు అర్థమైంది. ముందు దణ్ణం, తర్వాతే బేరం. ఆ మాట అనకుండా బస్సెక్కినా, బ్యాంకుకెళ్ళినా, మందుల షాపుకెళ్ళినా మనిషిని మనిషిగా చూడలేదన్నట్టే లెక్క. ఇక రొట్టె ధర ఆవిడ గబగబా చెప్పేసరికి నాకు నాలుగు, ఇరవై, పదిహేను అని మూడు ముక్కలు వినిపించాయి. నాలుగు యూరోలా అని గాభరా పడ్డాను. ఇంతలో అమ్మమ్మ వడియాల డబ్బా గుర్తొచ్చింది. నాలుగిరవైలు, పదిహేను. తొంభై అయిదు సెంట్లు! ఇన్నేళ్ళు చదివిన చదువు ఆ గుమ్మంలో అక్కరకు రాలేదు, అమ్మమ్మ లెక్కే వచ్చింది.

ఇక తరగతి సంగతి. పదిహేను, పదహారేళ్ళ పిల్లలు. మాస్టారు సగం తరగతిని నాకప్పగిస్తారు, పన్నెండు మంది. వాళ్ళ చేత మాట్లాడించాలి. మొదటి రోజే వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు పక్కవాడితో ఫ్రెంచిలో, "ఇంగ్లీషుకు ఇండియావాళ్ళను పంపించారేమిటి?" అన్నాడు. నాకు అర్థం కాదనుకున్నాడు కాబోలు. అంతకు ముందేడు వచ్చినది ఇంగ్లండు అమ్మాయట. చటుక్కున జవాబు చెప్పానని మీతో అంటే బాగుండును గాని, అబద్ధమవుతుంది. విననట్టు ఊరుకున్నాను. గదికొచ్చి ఏడ్చాను కూడా. కాలేజీలో నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని, నా ఇంగ్లీషు రెండో రకం సరుకని ఒక పిల్లవాడు తేల్చేశాడు గదా అని.

వారం రోజులు ఆలోచించి, తర్వాతి తరగతికి బల్ల మీద నాలుగు మాటలు రాశాను. పైజామా, బంగళా, షాంపూ. ఈ మూడూ హిందూస్థానీ వైపు నుంచి ఇంగ్లీషులోకి, ఫ్రెంచిలోకి వెళ్ళినవే. నాలుగోది బాండికూట్. అది చూడగానే తరగతంతా కేకలు వేసింది. ఎందుకంటే ఆ పేరుతో ఒక వీడియో ఆట ఉంది, 1996లో వచ్చింది, ఇప్పటికీ పిల్లలు ఆడతారు. ఈ మాట ఎక్కడిదో చెప్పండి అన్నాను. ఆస్ట్రేలియా అన్నారు. ఆ జంతువు ఆస్ట్రేలియాదే, మాట మాత్రం మా ఇంటిది అన్నాను. మన పందికొక్కే అమ్మా! ఇంగ్లీషువాళ్ళు మన ఊళ్ళలో విని పట్టుకుపోయి, ఆస్ట్రేలియాలో కనిపించిన మరో జంతువుకు తగిలించారు. నిఘంటువులో చూసుకోమన్నాను. ఫోను తీసి ముందుగా చూసింది ఆ వెనక బెంచీ కుర్రాడే. "తె-లు-గు" అని కూడబలుక్కుని చదివాడు. ఆ గంటంతా వాళ్ళు ఇంగ్లీషులోనే ప్రశ్నలు వేశారు. పందికొక్కు ఎంత ఉంటుంది, కరుస్తుందా, వండుకుంటారా, మీకు పెళ్ళి పెద్దవాళ్ళే చేశారా, చెయ్యకపోతే ఏమవుతుంది. ప్రశ్న ఏదైతేనేం, నా పని మాట్లాడించడమే గదా.

బడి ఇలా కుదురుకుంటూ ఉండగా డబ్బు కుదురు తప్పింది. జీతం పడాలంటే అక్కడి బ్యాంకు ఖాతా కావాలి. ఖాతా కావాలంటే చిరునామా రుజువు, ముందుగా ఖాయం చేసుకున్న సమయం రెండూ కావాలి. అక్టోబరు 11న లిమోజ్‌లో సమయం ఇచ్చారు. టీచరు తన కారులో తీసుకెళ్తానంది. సరిగ్గా ఆ రోజుల్లోనే దేశంలో చమురు శుద్ధి కర్మాగారాల్లో సమ్మె. బంకుల దగ్గర మైళ్ళ పొడుగు బారులు. ఆ పొద్దున ఆవిడ కారులో పెట్రోలు లేదు, పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది. మళ్ళీ సమయం 20న ఇచ్చారు. ఖాతా వచ్చేసరికి అక్టోబరు జీతాల పట్టీ దాటిపోయింది. రెండు నెలలదీ కలిపి నవంబరు ఆఖరున ఇస్తామన్నారు.

దాని మీద ఇంకొకటి. ఆరోగ్య బీమా సంఖ్యకు జనన ధృవపత్రం అనువదించి పంపాలి. నాది తీసి చూస్తే దాంట్లో నా పేరే లేదు. "ఆడ శిశువు" అని మాత్రం ఉంది. బారసాల కాకముందే రాయించి, మళ్ళీ ఎవరూ పేరెక్కించలేదు. నేను పుట్టిన మాట నిజమే గాని, పుట్టింది నేనేనని రుజువేదీ? పాపం మావారు కాకినాడలో సెలవు పెట్టుకుని దాని వెంట తిరిగారు. ఇది వింటున్న తల్లులు వీలైతే ఈ సాయంత్రమే బీరువా తీసి మీ పిల్లల కాగితాలు చూడండి. ఒక్క విషయంలో మాత్రం అక్కడి ఆఫీసులు నాకు నచ్చాయి. వాళ్ళ దరఖాస్తుల్లో మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాస్తారు.

అసలు గండం ఆ వారమే తెలిసింది. అక్టోబరు 22 నుంచి రెండు వారాల సెలవులు. సెలవుల్లో హాస్టలు తాళం వేస్తారట. మొదటి రోజు ఇచ్చిన కాగితంలో ఉందది, నేనే సరిగా చదవలేదు. పదహారు రాత్రులు ఎక్కడ ఉండాలి? చేతిలో 200 యూరోలు లేవు. ఎంత చవక బసైనా రాత్రికి 25 తక్కువ లేదు. ఇంటికి ఫోను చేస్తే అత్తగారే ఎత్తారు. అక్కడికీ మనకూ అప్పుడు మూడున్నర గంటల తేడా, ఆవిడ పడుకోబోతున్నారు. "జీతమొచ్చిందా అమ్మాయ్?" అని అడగలేదావిడ. "తింటున్నావా?" అన్నారు. అన్నీ బాగున్నాయండీ అత్తయ్యగారూ అని పెట్టేశాను.

భోజనశాలలో వడ్డించే ఒకావిడ ఉండేది, అరవైకి దగ్గర పడ్డ మనిషి. నేను మాంసం తిననని తెలిసి, రోజూ నా పళ్ళెంలో అడగకుండానే ఇంకో గుడ్డో, నాలుగు పప్పు గరిటెలో వేసేది. శుక్రవారం మధ్యాహ్నం నా ముఖం చూసి ఏమిటని అడిగింది. తోటి టీచర్లతో చెప్పుకోవడానికి సిగ్గేసినది ఆవిడతో చెప్పేశాను. ఎందుకో నాకూ తెలియదు. ఏప్రన్‌కు చేతులు తుడుచుకుని, "మా అబ్బాయి గది ఖాళీగానే ఉంది, ఆరు గంటలకు వస్తాను, పెట్టె సర్దుకో" అంది. అంతే. ఆవిడ పోర్చుగల్లులో పుట్టి, ఆరేళ్ళప్పుడు తల్లి వెంట అక్కడికి వచ్చినదట. వాళ్ళమ్మకు ఫ్రెంచి రాదు, ఆఫీసుల్లో ఈ చిన్నపిల్లే తల్లికి మాటలు విప్పి చెప్పేదట. కాగితాల బాధ ఆవిడకు కొత్తగా చెప్పనక్కరలేకపోయింది.

24వ తారీఖు దీపావళి. వట్టి చేతులతో వాళ్ళింట్లో పండుగేం చేస్తాను? బజారుకు వెళితే, ఎటు చూసినా చామంతులు! పసుపు, తెలుపు, ముదురెరుపు, కుండీల నిండా బంతుల్లా విరబూసి, దుకాణాల ముందు బారులు తీర్చి ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. పసుపు చామంతుల కుండీ 6 యూరోలకు కొని, చిన్న కొవ్వొత్తులు పన్నెండు తీసుకుని, మహా సంబరంగా ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కుండీ వైపు చూసింది, నా వైపు చూసింది, "నేనింకా పోలేదమ్మా" అంది!

అక్కడ చామంతి సమాధుల పువ్వు. నవంబరు 1న అందరూ పెద్దల సమాధుల మీద పెట్టి వస్తారు. బజారంతా చామంతులు అందుకే. ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వడమంటే, మనింటికి ఎవరైనా కట్టెలు పట్టుకొచ్చినట్టు. నేను తబ్బిబ్బయిపోయి, మా దేశంలో ఇది తల్లో పెట్టుకుంటాం, దేవుడికి పెడతాం, పెళ్ళి పందిళ్ళకు కడతాం అని వచ్చిన ఫ్రెంచి రాని ఫ్రెంచి కలిపి చెప్పాను. ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఒక పువ్వు తుంచి తన జుట్టులో దోపుకుని, పొరుగింటావిడను పిలిచి మరీ చూపించింది. ఆ రాత్రి కిటికీలో పన్నెండు దీపాలు పెట్టాం. కరెంటు పొదుపని ఆ ఏడు ఇళ్ళలో 19 డిగ్రీలకు మించి వెచ్చదనం పెట్టుకోవద్దని ప్రభుత్వం చెప్పింది. ఆ కొవ్వొత్తుల దగ్గర చేతులు కాచుకుంటూ కూర్చున్నాం.

నవంబరు 1న ఆ కుండీనే వాళ్ళమ్మ సమాధికి తీసుకెళ్ళాం. ఒక పువ్వు తక్కువైన కుండీ. దాన్ని రాతి మీద పెట్టి, వాళ్ళ భాషలో తల్లితో ఏదో చెప్పింది. మధ్యలో ఇండియా అన్న మాట వినిపించింది. నేను చేతులు జోడించి నిలబడ్డాను. మనకదీ కార్తీకమాసమే.

పదహారు రోజులకూ అద్దె ఇస్తానంటే కోప్పడింది. పప్పు ఎలా చేస్తావో చూపించమంది. కందిపప్పు ఆ ఊళ్ళో లేదు, ఎర్ర మసూరు దొరికింది. చింతపండు చూసి ఇదేం పండని వాసన చూసింది. సెలవుల తర్వాత బడికి వెళితే నా ఫ్రెంచి మారిందన్నారు టీచర్లు. వంటింట్లో మాట్లాడిన ఫ్రెంచి మరి.

నవంబరు ఆఖరున రెండు నెలల జీతం ఒక్కసారి పడింది. బీమా కాగితం కూడా నా పేరుతో వచ్చింది. డబ్బు ఇంటికి పంపాను, డిసెంబరులో ఇంకొంత కలిపి మావారు గాజులు విడిపించుకొచ్చారు. ఆ రాత్రి అత్తగారు ఫోనులో చేతులు చూపించారు. అప్పుడడిగాను, ఇన్నాళ్ళూ వీధిలో వాళ్ళకు ఏం చెప్పారండీ అని.

"మెరుగు పెట్టడానికిచ్చానన్నాను" అన్నారు. "ఇవాళ పక్కింటావిడ వచ్చి చేయి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. మూడు నెలలు పట్టిన మెరుగేదీ, ఆ కంసాలెవరో చెప్పమంటోంది. ఏం చెప్పమంటావు?"